గెంటుడు బల్ల

మా వదిన ఒక పలకకు నిద్రంటే ఏమిటో నేర్పింది. ఆ పలక గురుదక్షిణ ఇవ్వాల్సింది పోయి ఆవిడ నిద్రనే పట్టుకుపోయింది.

వదిన పేరు నూకరత్నం. విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలలో కొత్త పదార్థాలు తయారుచేసే శాస్త్రవేత్త. మా అన్నయ్య ఓడల మీద ఇంజినీరు కాబట్టి ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్ళ మీదే ఉంటాడు. కొండవాలున ఉన్న ఇంట్లో వదినా, నేనూ ఉంటాం. నా పేరు వరాలు. కొత్త బస్ టెర్మినల్‌లో అనౌన్సర్ని. వదినా ఆడపడుచూ ఒకే కప్పు కింద ఎలా నెగ్గుకొస్తున్నారో తెలుసుకుందామని చుట్టాలు అప్పుడప్పుడు ఫోన్లు చేస్తుంటారు. ఒక్క తగువైనా వినపడక పాపం నిరాశపడి పెట్టేస్తారు.

నా ఉద్యోగమంటే మాత్రం వదినకు వెక్కిరింతే. "నీ గొంతు వింటే బస్సెక్కాలనిపించదే వరాలూ, ముసుగుతన్ని పడుకోవాలనిపిస్తాది. ఆ విజయనగరం, గరివిడి, చీపురుపల్లి అనుకుంటూ సాగదీస్తావు చూడు, వీరఘట్టం వచ్చేసరికి ఎవడూ మెలకువగా ఉండడు" అనేది. వీరఘట్టం ఆవిడ పుట్టినూరు. నేను చదివే జాబితాలో అదే చివరి స్టాపు.

ఆ పలకను మొదటిసారి ఇంటికి తెచ్చిన రోజు నాకు బాగా గుర్తు. చూడ్డానికి నల్లగా, నున్నగా, వంటింట్లో వేసుకునే కడప రాయిలాగే ఉంది. అన్నం బల్ల మీద పెట్టి, నా చెయ్యి దాని మీద ఉంచమంది. ఉంచాను. కబుర్లలో పడి మర్చిపోయాను కూడా. కాసేపటికి నా అరచేతి కింద ఆ రాయి మెల్లగా ఒత్తిగిలింది. ఉలిక్కిపడి చెయ్యి తీసేశాను.

"భయపడకు. ఒకేచోట ఎక్కువసేపు బరువు పడితే అది కదుల్తాది, అంతే" అని నవ్వింది వదిన.

వాళ్ళమ్మగారు పక్షవాతంతో చాలా ఏళ్ళు మంచంలో ఉండి చనిపోయారు. ఆవిణ్ణి గంటగంటకీ ఒత్తిగిలబెట్టడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషికి కన్ను మూతపడితే మర్నాటికి నడుము మీద పుండు. ఆ మనిషి వదినే. పదో తరగతి పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని తల్లి పక్కన కూర్చున్న ఆ పిల్ల, మనిషి నిద్రపోయినా తాను నిద్రపోని మంచం ఒకటి ఉండాలని అప్పుడే అనుకుందట. అనుకున్నది పెద్దయ్యాక చేసి చూపించింది. మా కుటుంబంలో అనుకునేవాళ్ళకు కొదవలేదు, చేసింది మాత్రం ఈవిడొక్కతే.

పలకను చూసి ఆసుపత్రుల వాళ్ళందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకుని, డబ్బుల్లేవని చేతులెత్తేశారు. అప్పుడు వచ్చాడు కృపానందం.

ఆయన మా టెర్మినల్ నడిపే కంపెనీలో మేనేజరు. మెత్తటి మనిషి, మాట కూడా మెత్తన. మా ఇంట్లోనే కూర్చుని కాఫీ తాగుతూ విషయం చెప్పాడు.

"టెర్మినల్ అద్దంలా కట్టామండి. ఎదురుగా పెద్దాసుపత్రి. రోగుల తాలూకు వాళ్ళందరూ వచ్చి బల్లల మీద పడుకుంటున్నారు. మధ్యలో ఇనుప కమ్మీలు పెడితే చూడ్డానికి బాగుండదు. మేకులు పెడితే ఫొటోలు తీసి తిట్టిపోస్తారు. మీ పలక పడుకున్న మనిషిని కదుపుతుంది కదా మేడం. కునుకుపడుతున్న మనిషిని లేపలేదా? కొంచెం ముందుకి ఒరిగితే చాలండి. ఎవరికీ కనపడదు. మర్యాదగా ఉంటుంది."

"వాళ్ళు ఎక్కడ పడుకుంటారండి మరి?" అన్నాను నేను.

ఆయన కప్పు కింద పెట్టాడు. "మా నాన్నగారి వైద్యానికి నేనూ బస్టాండుల్లో పడుకున్నవాణ్ణేనమ్మా. అక్కడి మురికి, ఈగలు, దొంగలు నాకు తెలుసు. పడుకునే వీలుంటే ఎవరూ వేరే చోటు వెతుక్కోరు. వీలు లేకపోతేనన్నా సత్రాలు కట్టమని అడుగుతారు."

ఆ మాట ఆయన నమ్మే అన్నాడని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. బల్లలు చేసిపెడితే, పెద్దాసుపత్రి పక్షవాతం వార్డు మొత్తానికి వదిన పలకలతో మంచాలు కంపెనీయే చేయిస్తుందన్నాడు. వదిన ఖాళీ కప్పులు తీస్తూ సరేనంది.

పలకకు నిద్రను పోల్చుకోవడం నేర్పాలి. అందుకు ఎవరో ఒకరు దాని మీద పడుకోవాలి. తలకు అంటించిన తీగలు నిద్ర వచ్చే క్షణాన్ని పట్టిస్తాయి. సరిగ్గా ఆ క్షణంలో పలక వెనక అంచు ఉబ్బుతుంది, ముందు అంచు కుంగుతుంది, మనిషి జారి కింద పరిచిన పరుపు మీద పడతాడు. ఇలా ఎన్నో వందలసార్లు జరిగితే, తీగలు లేకపోయినా బరువునీ ఊపిరినీ బట్టి పలక నిద్రను గుర్తుపడుతుంది. ప్రయోగశాలలో ఉండే ఈ పలకను తల్లిపలక అనేవారు. టెర్మినల్‌లోని బల్లలన్నీ దాని పిల్లలు. తల్లి నేర్చుకున్నది రోజూ తెల్లవారేసరికి పిల్లలకు అందుతుంది.

పడుకోవడానికి కూలి మనుషుల్ని పంపుతామంది కంపెనీ. వదిన ఒప్పుకోలేదు.

"రోజంతా మూటలు మోసినోళ్ళని తెచ్చి, కన్నంటుకోగానే తోసెయ్యాలా? నా వల్ల కాదు. నేనే పడుకుంటాను."

నేను మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్ళినప్పుడు అద్దంలోంచి చూసేదాన్ని. వదిన కళ్ళు మూసుకునేది. ముఖంలో బిగువు సడలేది. అంతలో పలక ఒరిగేది, ఆవిడ దభీమని పడేది. లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, "మళ్ళీ" అనేది. మళ్ళీ పడుకునేది. నెలల తరబడి అదే పని. ఒక్కరోజు కూడా విసుక్కోవడం చూడలేదు. ఇంకొకరి నిద్ర పాడుచెయ్యకూడదని తన నిద్రను అంతలా పణంగా పెట్టిన మనిషిని నేను వేరే చూడలేదు. క్యారేజీ విప్పి అన్నం కలిపి పెట్టేదాన్ని.

బల్లలు వచ్చాయి. ప్రారంభోత్సవం రోజు పువ్వుల దండలు, ఫొటోలు. నల్లటి బల్లలు నిగనిగలాడుతుంటే నిజంగా అందంగా ఉన్నాయి.

నా గది టెర్మినల్ మధ్యలో, కాస్త ఎత్తులో ఉంటుంది. చుట్టూ అద్దాలే కాబట్టి బల్లలన్నీ కనపడతాయి. ఎవరికైనా కునుకు పట్టగానే బల్ల మెల్లగా ముందుకు ఒరిగేది. మనిషి జారి, తుళ్ళిపడి, చుట్టూ చూసి, సర్దుకుని కూర్చునేవాడు. కర్రతో తట్టే గార్డు లేడు, అరిచేవాడు లేడు. అదే నాకు చిత్రంగా ఉండేది. ఎవరో లేపితే వాళ్ళనైనా తిట్టుకోవచ్చు. ఇక్కడ ఎవరిని తిట్టాలో తెలీక ముసలివాళ్ళు తమ వయసునే తిట్టుకునేవారు. నాలుగు రోజుల్లో సంగతి అర్థమైపోయి, దానికి గెంటుడు బల్ల అని పేరు పెట్టేశారు.

ఇంట్లో వదిన పరిస్థితి వేరుగా ఉంది. పని అయిపోయాక హాయిగా పడుకోవాల్సిన మనిషి, కన్నంటుకునే క్షణంలో మంచం పట్టెలు పట్టుకుని ఉలిక్కిపడి లేచేది. పడిపోతున్నట్టు ఉంటుందట. డాక్టరు మాత్రలిచ్చాడు. ఒళ్ళు బరువెక్కేదిగానీ ఉలికిపాటు పోలేదు. నేల మీద చాప వేసినా అంతే.

"నేల మీంచి ఎక్కడికి పడతావు వదినా?" అని ఏడవలేక నవ్వాను ఒకసారి.

"నన్ను చూసి పలక నేర్చుకుంది. పలకని చూసి నా ఒళ్ళు నేర్చుకుంది. ఇద్దరం మంచి విద్యార్థులమే" అంది. కళ్ళ కింద నల్లటి చారలు, చెంపలు పీక్కుపోయి ఉన్నాయి. అన్నయ్య ఫోన్ చేస్తే మాత్రం బాగానే ఉన్నానని చెప్పేది.

ఒకరోజు పొద్దున్న, పాలకొండ బస్సు కేక వేసి తలెత్తేసరికి ఒక వింత కనపడింది. మూడో వరస బల్ల మీద ఒకాయన కాళ్ళు బారజాపుకుని గురకపెట్టి నిద్రపోతున్నాడు. బల్ల ఉలకలేదు, పలకలేదు. పాడైందేమో అనుకుని దిగి వెళ్ళాను. ఆయన తల భార్య ఒళ్ళో ఉంది. ఆవిడ వక్క నములుతూ, కొంగుతో ఈగలు తోలుతోంది. పేరు ఎర్రమ్మట. కూతుర్ని పెద్దాసుపత్రిలో చేర్చి ఇద్దరూ టెర్మినల్‌లో ఉంటున్నారు.

"ఈ బల్ల గెంటట్లేదేటమ్మా మీ ఆయన్ని?" అన్నాను.

"ఏటో తల్లీ. నిన్న ఒక్కడూ తొంగుంటే నాలుగుసార్లు గెంటీసింది. నా వొల్లో తలెట్టుకున్నాడు, ఊరుకుంది. నాకేటి తెల్సు, దానికి మొగుడూ పెల్లాలంటే గౌరవమేమో" అని నవ్వింది. "ఈడు లేచినాక నాను తొంగుంతాను. ఆడు కూకుంతాడు."

ఇంటికెళ్ళి చెప్పగానే వదిన గిన్నె చేతిలోంచి కింద పెట్టేసింది. ఒక్క నిమిషం ఆలోచించి, పగలబడి నవ్వింది. అలా నవ్వి ఎన్ని నెలలైందో.

"తల! తల వరాలూ! పలక నిద్రని తల దగ్గర వెతుకుతాది. మెడ సడలి తల బరువు పడగానే అది నిద్ర అనుకుంటాది. ఒళ్ళో పెట్టుకుంటే ఆ తల బరువు మెలకువగా ఉన్న మనిషి తొడల మీంచి వస్తాది. ఆ మనిషేమో కదుల్తాది, వక్క నముల్తాది, మాట్లాడతాది. పలకకి మెలకువే వినపడతాది." కళ్ళు తుడుచుకుంది. "చూశావా ఎంత తెలివితక్కువ పని చేశానో. నేనొక్కదాన్నే పడుకుని నేర్పించాను. ఈ దేశంలో బస్టాండులో ఒంటరిగా ఎవరు నిద్రపోతారే? మా అమ్మ ఒళ్ళో నిద్రపోకుండా చిన్నప్పుడెప్పుడైనా వీరఘట్టంలో బస్సు దిగానా?"

తన పనిలో లోపం బయటపడినందుకు అంత సంబరపడిన శాస్త్రవేత్తను నేనైతే చూడలేదు.

ఆ తర్వాత టెర్మినల్‌లో జరిగింది చూసి తీరాలి. ఎర్రమ్మ కిటుకు బల్లబల్లకీ పాకింది. ముందు మొగుడూ పెళ్ళాలు, తల్లీ పిల్లలు. తర్వాత తోడికోడళ్ళు. తర్వాత ముక్కూమొహం తెలియనివాళ్ళు. "కాసేపు కూకోండమ్మా, రెండు రోజులై కన్ను ముయ్యలేదు" అని ఒకావిడ అడిగితే, ఇంకొకావిడ సంచి పక్కన పెట్టి ఒడి సర్దుకునేది. లేచాక వంతు మారేది. పార్వతీపురం వాళ్ళ తల పాయకరావుపేట వాళ్ళ ఒళ్ళో. కులం అడిగినవాళ్ళు లేరని చెప్పను, అడిగి కూడా కూర్చున్నారు. మగవాళ్ళు మొదట మొహమాటపడి భుజాలిచ్చుకున్నారు, తర్వాత తొడలూ ఇచ్చారు. మనుషుల్ని తోసెయ్యడానికి పెట్టిన బల్ల మీద మనుషులు ఇలా ఒకరికొకరు కాపలా కూర్చోవడం చూస్తుంటే నాకు ఛాతీ పొంగేది. మధ్యాహ్నం భోజనాల వేళ నేనూ దిగి వెళ్ళి ఒడి ఇచ్చేదాన్ని. ఒక పిల్లతల్లి నా ఒళ్ళో నిద్రపోతే చీరంతా పాల వాసన. ఆ రోజంతా అదే వాసనతో అనౌన్స్‌మెంట్లు చేశాను.

జోగినాయుడి సంగతి తెలిసేదాకా నా సంబరం అలాగే సాగింది.

అతను చేపల రేవులో బుట్టలు మోసే కలాసీ. భార్య పెద్దాసుపత్రిలో ఉంది. రేవులో పని అవగానే వచ్చి చివరి బల్ల మీద, ఒక్కడూ, నిటారుగా కూర్చునేవాడు. ఆ రోజు బల్ల ఒరిగినప్పుడు అలసిపోయిన మనిషి తుళ్ళి లేవలేకపోయాడు. బొక్కబోర్లా పడ్డాడు. మణికట్టు విరిగింది. ఆ చప్పుడు అద్దాల గదిలో నాకు వినపడింది.

నీళ్ళు తాగిస్తూ, "ఎవరినైనా ఒడి అడగకపోయావా అన్నా? అందరూ ఇస్తున్నారు కదా" అన్నాను.

అతను నా వైపు చూడలేదు. "నా ఒల్లు సేపల కంపు కొడతాదమ్మా. నాను కూకుంటే పక్కనోలు లేచి ఎల్లిపోతారు. ఒడి ఎవురిత్తారు?"

నిజమే. అతని బల్ల మీద ఇంకెవరూ కూర్చోకపోవడం రోజూ చూస్తూనే ఉన్నాను. ఆ సాయంత్రం వదినకు చెప్పాను. అన్నం ముందు పెట్టుకుని వేళ్ళతో గీతలు గీస్తూ కూర్చుంది.

ఆ వారంలోనే కృపానందం ప్రయోగశాలకు వచ్చాడు. నేను క్యారేజీతో అక్కడే ఉన్నాను.

"బల్లల్లో లోపం ఉందని పైవాళ్ళు పట్టుకున్నారు మేడం. టెర్మినల్ అంతా పడకగదిలా ఉందంటున్నారు. ఒళ్ళో పడుకున్నా ఒరిగేలా తల్లిపలకకి నేర్పాలటండి. అదొక్కటీ అయిపోతే మంచాలకి సంతకం పెట్టేస్తారు."

"ఇంకొకరి చేత చేయించుకోండి" అన్నాను కోపం ఆపుకోలేక.

"లేదు వరాలూ. ఈ పలక నా ఒంటితోనే నేర్చుకుంది. వేరేవాళ్ళు పడుకుంటే వినదు" అంది వదిన. కృపానందం వైపు తిరిగి, "రేపు మధ్యాహ్నం కూర్చుంటాను. సాయంత్రం మీరు రండి. ఏం నేర్పానో మీకు చెప్పాకే బల్లలకి పోనిస్తాను" అంది.

ఆయన వెళ్ళాక నా వైపు చూసింది. "రేపు సెలవు పెట్టు. నీ ఒడి కావాలి."

"మనుషుల్ని గెంటడానికి నా ఒడి ఇవ్వను. నువ్వడిగినా సరే."

"ముందు విను. పలకకి తెలిసేది ఒక్కటే. నిద్ర వచ్చాక ఏం జరుగుతాదో అది చూస్తాది, చూసింది నేర్చుకుంటాది. ఇన్నాళ్ళూ నిద్ర వచ్చాక నేను పడిపోయాను. రేపు దాన్ని కదలకుండా బిగించేస్తాను. నేను నిద్రపోతాను. నిద్రపోయి, అలాగే ఉంటాను. నిద్ర వచ్చాక ఏమీ జరగదని నేర్పుతాను. పడిపోవడాలు వందలసార్లు చూసిందిగానీ నిండు నిద్ర ఒక్కటీ చూడలేదది, ఒక్కటి చూస్తే చాలు."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "తుడిచెయ్యకూడదా దాని బుర్రలో ఉన్నది?"

"కంప్యూటర్ కాదే తుడిచెయ్యడానికి. నేర్చింది రాయిలోనే ఉంటాది. నా దగ్గర నేర్చింది నా దగ్గరే మర్చిపోవాలి." తీగలు చుట్టి పక్కన పెట్టింది. "ఒక్కటే భయం. నేను ఉలిక్కిపడ్డానంటే అది పడిపోయినట్టే లెక్కేసుకుంటాది. పాత పాఠం ఇంకా గట్టిపడిపోతాది. ఆ తర్వాత నేను కూడా మార్చలేను. ఏడాదై నేను ఉలిక్కిపడకుండా నిద్రపోలేదు వరాలూ."

"మరి మంచాలో? కంపెనీ ఊరుకుంటుందా?"

"ఊరుకోదు. మా అమ్మ నడుముకి పుండు పడకూడదని మొదలెట్టాను ఇదంతా. జోగినాయుడి చెయ్యి విరగ్గొట్టి ఆ మంచం కొనలేను. నావల్ల కాదు." అలా అంటూనే ఏడ్చింది. మంచాల కోసం ఏడ్చిందని నాకు తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం తల్లిపలక మీద ఒక చివర నేను కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. వదిన తలకు తీగలు అంటించుకుని, నా ఒళ్ళో తలపెట్టి పడుకుంది. నా కంటే పెద్దది, చదువులో కొండంతది, నా ఒళ్ళో చిన్నపిల్లలా ముడుచుకుంటే నాకు కళ్ళు చెమర్చాయి. జుట్టు సగం తెల్లబడిపోయిందని అప్పుడే చూశాను.

కళ్ళు మూసుకుంది. రెప్పలు అదురుతూనే ఉన్నాయి. చేతులు పలక అంచును గట్టిగా పట్టుకున్నాయి. అలా చాలాసేపైంది.

"రావట్లేదు" అంది గొణుగుతూ. "భయమేస్తంది."

ఏం చెయ్యను? నాకు జోలపాటలు రావు. నాకు వచ్చింది ఒక్కటే. గొంతు తగ్గించి మొదలుపెట్టాను.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. వీరఘట్టం వెళ్ళే బస్సు బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది. వయా మద్దిలపాలెం, మధురవాడ, ఆనందపురం, తగరపువలస..."

వదిన పెదవుల మీద నవ్వు కదిలింది. నేను ఆపలేదు. ఆవిడ వెక్కిరించినట్టే సాగదీశాను. విజయనగరం. నెల్లిమర్ల. గరివిడి. చీపురుపల్లి. రాజాం దగ్గరికి వచ్చేసరికి అంచును పట్టుకున్న వేళ్ళు వదులయ్యాయి. పాలకొండ దగ్గర ఊపిరి బరువెక్కింది. అప్పుడు ఒళ్ళంతా ఒక్కసారి జలదరించబోయింది. నుదుటి మీద అరచెయ్యి ఆనించి, "పడుకో అమ్మా, ఇంకా ఊరు రాలేదు" అన్నాను. ఎందుకలా అన్నానో తెలీదు. వాళ్ళమ్మగారు బస్సులో ఇలాగే అని ఉంటారనిపించింది. జలదరింపు వచ్చినట్టే వచ్చి వెనక్కి పోయింది. వీరఘట్టం అన్నాను. వదిన నిద్రపోయింది.

సగం పనే అయింది. ఇది ఒడి నిద్ర. జోగినాయుడికి ఒడి లేదు. వదిన తల నేరుగా పలక మీదకు చేరాలి, అప్పుడు కూడా నిద్ర చెదరకూడదు. నేను జరగాలని ముందే చెప్పి ఉంచింది. కానీ నా కాళ్ళు తిమ్మిరెక్కి మొద్దుబారిపోయాయి. కదిపితే కుదుపు తప్పదు. పిలవడానికి చుట్టుపక్కల ఎవరూ లేరు. అలాగే బిగుసుకుని కూర్చున్నాను.

తలుపు తీసుకుని కృపానందం వచ్చాడు.

చూడగానే అర్థమైపోయింది ఆయనకు. బిగించిన పలకను చూశాడు, కదలకుండా నిద్రపోతున్న వదినను చూశాడు. పేరు పెట్టి పిలిస్తే చాలు, అంతా అయిపోతుంది. పిలిచే హక్కూ ఆయనకు ఉంది. నేను వేలు పెదవుల మీద పెట్టుకోలేదు, బతిమాలలేదు. నా కాళ్ళ వైపు చూపించి, కదపలేనన్నట్టు తల అడ్డంగా ఊపాను.

ఆయన బూట్లు విప్పేశాడు. చప్పుడు కాకుండా వచ్చి పలక పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎడం చెయ్యి మెడ కిందకు, కుడి చెయ్యి తల కిందకు పోనిచ్చి, నా ఒళ్ళోంచి వదిన తలను వెంట్రుకవాసి పైకెత్తి పట్టుకున్నాడు.

"మా చిన్నదాన్ని రోజూ ఇలాగే పక్క మీదకి మారుస్తానండి. మీరు మెల్లగా జరగండి" అన్నాడు గుసగుసగా.

జరిగాను. ఆయన ఆ తలను ఊపిరి బిగబట్టి దించాడు. తల పలకను తాకగానే నా చేతి కింద రాయి వణికింది. ఒరగాలని చూస్తోంది, ఒరగలేకపోతోంది. వదిన కనుబొమలు ముడిపడ్డాయి. నేనూ కృపానందమూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, వదిన పక్కకు ఒత్తిగిలి, చెయ్యి చెంప కింద పెట్టుకుని ఇంకా గాఢంగా నిద్రలోకి జారిపోయింది. పలక వణుకు తగ్గుతూ తగ్గుతూ పోయి, చివరకు మామూలు రాయిలా ఉండిపోయింది.

కృపానందం బయటకు వెళ్ళి బూట్లు తొడుక్కున్నాడు. "ఆవిడ లేచాక చెప్పండి, నేను వచ్చి చూసే వెళ్ళానని. మంచాల సంగతి ఇక నా చేతుల్లో ఉండదమ్మా" అన్నాడు. "మా నాన్నగారికి అప్పట్లో నేను ఒడి ఇచ్చేవాణ్ణి. నాకు ఇచ్చేవాళ్ళు ఉండేవారు కాదు" అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు. తర్వాత ఆయన్ని వేరే ఊరికి బదిలీ చేశారని విన్నాను. మంచాలకు సంతకం కాలేదు. వదిన మళ్ళీ మొదటినుంచీ ఆసుపత్రుల చుట్టూ తిరగాలి. తిరుగుతుంది, నాకు తెలుసు. కంపెనీ ఈ బల్లలు పీకేసి వేరేవి వేస్తుందని కూడా అంటున్నారు. వేస్తే వేస్తుంది, అప్పటి సంగతి అప్పుడు.

వదిన పలక మీద నిద్రపోయిన మర్నాడు పొద్దున్న నేను డ్యూటీకి వచ్చేసరికి జోగినాయుడు చివరి బల్ల మీద ఉన్నాడు. కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడుతోంది. తెల్లవారుజామునే రేవుకెళ్ళి, ఒంటి చేత్తో ఏ పని దొరికితే ఆ పని చేసి వచ్చినట్టున్నాడు. పక్కన ఎవరూ లేరు. పడకూడదని నిటారుగా కూర్చుని కళ్ళు పెద్దవి చేసి చూస్తున్నాడు. నేను అద్దానికి ముక్కు ఆనించి చూస్తూ నిలబడిపోయాను. తల ముందుకు వాలింది, తుళ్ళిపడి ఎత్తాడు. మళ్ళీ వాలింది. ఈసారి ఎత్తలేదు. మెల్లగా పక్కకు ఒరిగి, బల్ల మీదకు చేరి, కాళ్ళు దగ్గరకు ముడుచుకున్నాడు. విరగని చెయ్యి వేలాడి, అందులోని సంచి నేల మీదకు జారింది.

బల్ల కదల్లేదు.

ఎర్రమ్మ తన చోటు నుంచి లేచి వచ్చి ఆ సంచి తీసి అతని తల దగ్గర పెట్టింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఒక్కడే నిద్రపోతున్న మనిషిని కాసేపు వింతగా చూసి, బల్లను అరచేత్తో రెండుసార్లు తట్టి వెళ్ళిపోయింది.

ఇంట్లో వదిన ఇంకా లేవలేదు. నిన్న సాయంత్రం ఆటోలో ఇంటికి తెచ్చి మంచం మీద వాల్చగానే మళ్ళీ పడుకుంది. లేపకుండానే వచ్చాను. కాఫీ ఫ్లాస్కులో పోసి పెట్టాను.

వీరఘట్టం బస్సు వచ్చి ప్లాట్‌ఫారం మీద ఆగింది. మైకు దగ్గరకు లాక్కుని, శబ్దం బాగా తగ్గించి, ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చెవిలో చెప్పినట్టు చదివాను.